ఎరువు పుస్తకాలు

ఆదోని,
20 జూన్ 1955

తమ్ముడు యేసేపుకు అక్క మరియమ్మ దీవించి రాయునది.

మేము క్షేమం. నీ మోకాలి నొప్పి సంగతి పోయిన ఉత్తరంలో రాయలేదు. నొప్పి తగ్గిందనుకోవాలా, రాసే ఓపిక కూడా లేదనుకోవాలా? ఆముదం వెచ్చచేసి పట్టించుకో. ఎమ్మిగనూరులో వైద్యులకు కొదవ లేదు గానీ నువ్వు వాళ్ల మాట వింటావన్న నమ్మకం నాకు లేదు.

అసలు సంగతికి వస్తాను. పుస్తకాల పెట్టె గురించి పట్నం నుంచి నీ బడికి కూడా ఉత్తర్వు వచ్చే ఉంటుంది. మన తాలూకా బళ్లారి కింద ఉన్నన్ని దినాలు ఆ పచ్చ పెట్టె బస్సు మీద ఎక్కి వచ్చేది. తెలుగు, కన్నడం, ఉర్దూ అన్నీ కలిసి ఉండేవి. పిల్లలు ఇంటికి తీసుకుపోయి చదువుకునేవాళ్లు. అవి తిరిగిపోతే ఇంకో పెట్టె వచ్చేది. కర్నూలు కిందికి వచ్చినాక కన్నడం, ఉర్దూ ఆగిపోయినాయి. పోనీలే అని సర్దుకున్నాము. ఈసారి మాత్రం నేను సర్దుకోను.

కొత్తగా వచ్చిన అధికారి రెండు నియమాలు పెట్టినాడు. ఒకటి, పుస్తకం బడి గడప దాటకూడదు, పంతులు కళ్ల ముందరే చదవాలి. రెండు, గ్రంథాలయానికి వేరే గది ఉన్న బడులకే పెట్టె. మా బడిలో హెడ్మిస్ట్రెస్ అమ్మకే వేరే గది లేదు. తడిక అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఇక పుస్తకాలకు గది ఎక్కడిది?

దీనికి కారణం, పుస్తకాలు ఇళ్లకు పోయి "మలినమగుచున్నవి" అంట. నూనె మరకలు పడుతున్నాయంట. నూనె మరక పడిందంటే దీపం దగ్గర పెట్టుకుని చదివినారని అర్థం. ఆ మాత్రం తెలియని మనిషికి పుస్తకాల మీద పెత్తనం ఇచ్చినారు.

గాజుల గంప ఎత్తుకుని వీధులు తిరిగే రసూల్‌బీ నీకు గుర్తుంది కదా. ఆమె కూతురు మదార్‌బీ నా తరగతిలో అందరికంటే ముందుండే పిల్ల. ఈడేరిందని పోయినేడు బడి మానిపించినారు. రసూల్‌బీ మాత్రం ప్రతి శుక్రవారం మా బడి మీదుగా పోతూ గంప దించుతుంది. "ఒక కితాబ్ ఇయ్యమ్మా, పిల్ల పానం తీస్తాంది" అంటుంది. పుస్తకాన్ని గాజుల కింద పెట్టుకుని పోతుంది. ఒక్క మదార్‌బీకే కాదు, బడి మానిన ఆడపిల్లలు ఆ పేటలో ఎంతమంది ఉన్నారో అంతమందికీ పుస్తకం చేరేది ఆ గంపలోనే. అది గడప దాటకూడదంటే ఆ పిల్లలు అక్షరం మరిచిపోవాలని చెప్పినట్టే. నా కొట్లాట అంతా దీని కోసమే.

దీంతో పాటు అర్జీ పంపుతున్నాను. వాడుకుని తిరిగి ఇచ్చేదానికి మన ఇంట్లో అనుకునే మాటే పైన పెద్ద అక్షరాలతో రాసినాను: "బడులకు ఎరువు ఇచ్చే ఏర్పాటును నిలుపరాదు." కింద వివరం అంతా ఉంది. ఇక్కడ సంతకాలు నేను చేయిస్తాను. నువ్వు అక్కడ సంతలో చేయించి తాలూకా కచేరీకి పంపు. భయపడకు, మాటలు నావి, మోసేది మాత్రమే నువ్వు.

అక్క,
మరియమ్మ


ఎమ్మిగనూరు,
3 జూలై 1955

ప్రియమైన అక్కకు యేసేపు వందనములు.

మోకాలు బాగానే ఉంది. ఎడమది బాగుంది, కుడిది నువ్వు అడగలేదు కాబట్టి చెప్పను.

నీ అర్జీ చూసి మొదట భయపడినాను. నాది తాత్కాలిక ఉద్యోగమని నీకు తెలుసు. ఏడాదికొకసారి హెడ్మాస్టరు గారు మంచి మాట రాస్తేనే నిలుస్తుంది. ఆయనకు ఉత్తర్వు అంటే దైవవాక్యం. పుస్తకాల పెట్టె నా చేతికి అప్పజెప్పిన రోజే "చినిగితే నువ్వే" అన్నారు. అందుకని నాలుగు రోజులు అర్జీని బియ్యం డబ్బా కింద పెట్టి ఊరుకున్నాను.

తరువాత సిగ్గేసింది. సంతకు పోయి విత్తనాల వ్యాపారి పక్కన చాప పరుచుకుని కూర్చున్నాను. అక్కా, నువ్వు నమ్మవు, జనం ఎగబడినారు. మాదన్న అని పక్క పల్లె రైతు, వాళ్ల అమ్మాయి ఉచ్చీరమ్మ నా తరగతే. "ఏంది సారూ ఇది" అని అడిగినాడు. "ఎరువు ఆపొద్దని సర్కారుకు అర్జీ మాదన్నా" అన్నాను. "ఆపుతారంటనా? అదెట్లా ఆపుతారు? తెండి ఈడికి" అని వేలిముద్ర వేసి, తన అన్నదమ్ములనందరినీ లాక్కొచ్చినాడు. సిరా అయిపోతే అంగడిలో అడిగి తెచ్చినాను. మన సీమలో చదువు మీద ఇంత ప్రేమ ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియలేదు. సాయంత్రం ఇంటికి వస్తూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అర్జీ కచేరీలో ఇచ్చేసినాను. ఇక దేవుని చిత్తం.

నీ తమ్ముడు,
యేసేపు


ఆదోని,
11 జూలై 1955

తమ్ముడు యేసేపుకు,

నీ ఉత్తరం నేను ఒకసారి చదివి, మీ బావకు ఒకసారి చదివి వినిపించినాను. "మీ తమ్ముడేనా?" అన్నాడు ఆయన. ప్రెస్సులో దూది బేళ్లు కట్టించే మనిషికి మన ఇంటి మనుషుల విలువ ఏం తెలుస్తుందిలే. నాకు మాత్రం కళ్లు చెమర్చినాయి. నువ్వు చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి పోవాలంటే నన్ను తోడు పిలిచేవాడివి. సంతలో చాప పరుచుకుని సర్కారు మీద అర్జీ పట్టినావంటే నేను సంతోషపడకుండా ఎట్లా ఉంటాను?

ఇక్కడ సంతకాలు అంత సులభంగా రాలేదు. "ఉద్యోగం చేసుకోక నీకెందుకమ్మా" అన్నవాళ్లే ఎక్కువ. మదార్‌బీ తండ్రి ఇమాం సాబ్ ఉర్దూలో సంతకం చేసినాడు. "కూతురిని బడి మానిపించినాను గానీ చదువు మానిపించలేదు" అన్నాడు. నాకు ఆయన మీద ఏడాదిగా ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను.

వానలు ఇంకా పడలేదు. నీళ్ల కోసం తెల్లారకముందే లేస్తున్నాము.

అక్క,
మరియమ్మ


ఎమ్మిగనూరు,
2 ఆగస్టు 1955

అక్కకు,

క్షేమ సమాచారాలు రాసే స్థితిలో లేను.

వారం కింద బడిలో ప్రార్థన జరుగుతుండగా వాకిలి ముందర ఎద్దుల బండ్లు వచ్చి నిలబడినాయి. ఒకదాని వెనక ఒకటి, వీధి మలుపు దాకా. ముందు బండిలో మాదన్న. "సారూ, ఎరువు బస్తాలు యాడ దించినారు?" అని అడిగినాడు. నాకు అర్థం కాలేదు. అర్థమైనాక, బస్తాలు లేవు, అర్జీ పెట్టింది పుస్తకాలకని చెప్పినాను.

కచేరీకి పోయి కనుక్కున్నాను, జరిగింది ఇది. కచేరీలో గుమాస్తా నీ అర్జీలో పై వరుస ఒక్కటే చదివినాడు. ఎరువు అని ఉంది కాబట్టి వ్యవసాయం వాళ్లకు పంపినాడు. ఈ ఏడు పొలాలకు చల్లే సీమ ఎరువు దొరకక రైతులు అల్లాడుతున్నారు కదా. బడి పేరు మీద వచ్చిన అర్జీని పరిశీలిస్తున్నామని వాళ్లు గ్రామాలకు కబురు చేసినారు. ఆ కబురు ఊరూరా తిరిగేలోగా బడిలో బస్తాలు పంచుతారని అయిపోయింది. సంతలో వేలిముద్రలు వేసింది పుస్తకాలకు కాదక్కా, పొలాలకు. నేను నోరారా "ఎరువు ఆపొద్దని" అంటిని, వాళ్లు మనసారా ముద్ర వేసిరి.

మాదన్న ఏమన్నాడో తెలుసా? "మేము సదువు రానోళ్లమని ఎర్రోళ్లను జేస్తివి గదప్పా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బండ్లు తిప్పుకుని పోయినారు. పిల్లలందరూ చూస్తున్నారు. ఉచ్చీరమ్మ తల ఎత్తలేదు.

ఇది చాలదని ఈ రోజు పుస్తకాల అధికారి దగ్గర నుంచి ఉత్తర్వు వచ్చింది. మోసం చేసి వేలిముద్రలు తీసుకున్నాము కాబట్టి అర్జీ చెల్లదంట. గది లేని బడుల పెట్టెలన్నీ వెనక్కి తీసుకుంటారంట. మా బడికి సెప్టెంబరు ఒకటిన లారీ వస్తుంది. హెడ్మాస్టరు గారు నన్ను సంజాయిషీ అడిగినారు.

అక్కా, లోకంలో ఇన్ని మాటలుండగా ఆ మాటే ఎందుకు రాసినావు? "అరువు" అని రాసినా నా పరువు మిగిలేది.

యేసేపు


ఆదోని,
6 ఆగస్టు 1955

తమ్ముడు యేసేపుకు,

మొదట నవ్వు వచ్చింది, దాచను. ఆ బండ్లు, ఆ ప్రార్థన, మధ్యలో నువ్వు. తరువాత మాదన్న మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి దగ్గరకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. అధికారులకు సంజాయిషీ తరువాత ఇద్దువు గానీ, ముందు ఆయనకు ఇవ్వు.

మాట సంగతి అంటావా, నేను మార్చను. అరువు అంగడిలో పెట్టేది. ఎరువు ఇరుగుపొరుగు ఇచ్చేది. జల్లెడ, నిచ్చెన, పెండ్లికి గంగాళం, ఇవి ఎవరైనా అరువు తెచ్చుకుంటారా? ఎరువు తెచ్చుకుంటారు. పని అయినాక తుడిచి ఇస్తారు. పుస్తకం కూడా అంతే. తెలుగు రాని గుమాస్తా కోసం నా తెలుగు నేను మార్చుకోవాలా?

ఆ అధికారి మా బడికి వచ్చినాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. పెట్టె తెరిచి ఒక పుస్తకం రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "ఇదేమిటమ్మా ఈ అసహ్యం? ఫలానా బడి పుస్తకాలు చూడండి, అచ్చు వేసినప్పుడు ఎట్లున్నాయో అట్లే తిరిగి వచ్చినాయి" అన్నాడు. "ఆ బడిలో పెట్టె తాళం చెవి పోయి ఎంత కాలమైందో కనుక్కున్నారా?" అని అడిగినాను. నిజంగానే పోయింది. అక్కడి పంతులమ్మే నాకు చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది. హెడ్మిస్ట్రెస్ అమ్మ తడిక వెనక దగ్గింది.

మా ఊరికి లారీ సెప్టెంబరు పన్నెండున వస్తుందంట. రానీ. ఆ సాయంత్రమే పెట్టెను కూలి మనిషితో మా ఇంటికి మోయించి, పుస్తకాలన్నీ అందులో పెట్టి తాళం వేసినాను. తాళం చెవి నా దగ్గర ఉంది. నన్ను దాటి ఎవరు తీసుకుపోతారో చూస్తాను. రసూల్‌బీ వస్తే, "కొన్నాళ్లు ఓపిక పట్టు, నీ కూతురి కోసమే యుద్ధం చేస్తున్నా" అని చెప్పి పంపినాను.

నువ్వు కూడా ఇవ్వొద్దు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుంది.

అక్క,
మరియమ్మ


ఎమ్మిగనూరు,
20 ఆగస్టు 1955

అక్కకు వందనములు.

మాదన్న దగ్గరకు పోయి వచ్చినాను. మాట్లాడుకున్నాము.

పిల్లల దగ్గర ఉన్న పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించినాను. ఒక్కటి కూడా బయట లేదు. చినిగినవాటికి గంజి పెట్టి కాగితం అతికిస్తున్నాను. లారీ వచ్చే నాటికి పెట్టె పని పూర్తి కావాలి. హెడ్మాస్టరు గారు చూసి సంతోషించినారు.

నీకు కోపం వస్తుందని తెలుసు. ఇంతకంటే రాయలేను. వాన పడింది.

యేసేపు


ఆదోని,
24 ఆగస్టు 1955

యేసేపుకు,

హెడ్మాస్టరు గారు సంతోషించినారా? చాలా మంచిది. ఆయన సంతోషాన్ని ఉచ్చీరమ్మకు వారానికొకసారి చదవడానికి ఇవ్వు.

నేను ఇక్కడ పెట్టె మీద కూర్చుని కాపలా కాస్తుంటే, నువ్వు అక్కడ పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు లాక్కుని, గంజి పెట్టి, ముస్తాబు చేసి అప్పగిస్తున్నావు. అత్తవారింటికి పంపే పెండ్లికూతురికి కూడా ఇంత అలంకారం చేయరు. ఉద్యోగం పోతుందని భయం, అర్థం చేసుకుంటాను. భయపడ్డానని రాసి ఉంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. "ఇంతకంటే రాయలేను, వాన పడింది" అంట. నీ వాన ఎవరికి కావాలి?

నాయన కొడుకువేనా అని అడగను. ముఖం అచ్చం ఆయనదే. ధైర్యం మాత్రం ఎవరి దగ్గరన్నా ఎరువు తెచ్చుకో, పని అయినాక తిరిగి ఇచ్చేయొచ్చు.

దీనికి జవాబు రాయనవసరం లేదు.

మరియమ్మ


ఎమ్మిగనూరు,
4 సెప్టెంబర్ 1955

ప్రియమైన అక్కకు తమ్ముడు యేసేపు వందనములు.

జవాబు వద్దన్నావు. అయినా రాస్తున్నాను, ఈ ఉత్తరం నేనే పోయి టపాలో వేస్తాను. పోయినసారి బడి టపాతో పంపినాను. ఆ ఉత్తరాలు ముందు హెడ్మాస్టరు గారి బల్ల మీదికి పోతాయి. అందుకే వాన గురించి రాసినాను.

నేను పోయినా మాదన్న పని ఆపలేదు. గొడ్లకు మేత వేస్తూనే ఉన్నాడు. నేను దొడ్లో నిలబడి మొత్తం చెప్పినాను. చివరికి, "మేము దేనికి ఏలు ముద్ర ఏసినామో సదివి సెప్పు" అని ఉచ్చీరమ్మను పిలిచినాడు. ఆ పిల్ల నీ అర్జీ నకలు గుక్క తిప్పుకోకుండా చదివింది. నీ రాత కొంచెం కష్టం, అయినా చదివింది. మాదన్న కూతురినే చూస్తూ ఉండిపోయినాడు. "ఇంత సదువుతుందా ఇది?" అన్నాడు, నన్ను కాదు, భార్యను. ఆ తరువాత నాకు మజ్జిగ ఇచ్చినారు.

ఆ మజ్జిగ తాగుతుండగానే నాకు ఆలోచన వచ్చింది. పుస్తకాలన్నీ నేను తెప్పించింది అప్పగించడానికి కాదక్కా. అవి కొద్దిమంది చురుకు పిల్లల దగ్గరే తిరుగుతున్నాయి. అన్నీ ఒకచోట చేర్చి, అతికించి, లారీ వచ్చే ముందు రెండు సాయంత్రాలు సంచిలో వేసుకుని తిరిగినాను. మగ్గాల వీధులు, మాలపేట, మాదన్న పల్లె. ఇంతవరకు పుస్తకం పోని ఇల్లు చూసి ఇచ్చినాను. కుడి మోకాలు ఇప్పుడు అడుగు, చెప్తాను.

ఒకటో తేదీ లారీ వచ్చింది. అధికారి పెట్టె తెరిచినాడు. లోపల ఒక జెర్రి తప్ప ఏమీ లేదు.

"పుస్తకాలేవి?"

"ఎరువు పోయినాయి సార్."

భయపడుతూనే చెప్పినాను అక్కా. ఎవరి దగ్గర ఉన్నాయో చూపించమని ఆయన నన్ను ముందర నడిపించుకుని పోయినాడు. మగ్గాల వీధిలో మొదటి ఇల్లు తిప్పమ్మది. ఆమె నూలు కండెలు చుట్టుకుంటూ తల ఎత్తలేదు. "నా కొడుకు సగం సదివినాడు. మిగిలిన సగం నువ్వు వచ్చి సెప్తావా నాయనా? సెప్పేట్లయితే తీసకపో" అంది. పక్క ఇంట్లో పుస్తకం చుట్టాల ఊరికి పోయిందన్నారు. ఆ పక్క ఇంట్లో తలుపే తీయలేదు, లోపల పిల్లవాడు గట్టిగా చదువుతున్నాడు.

చివరికి మాదన్న పల్లెకు పోయినాము. అధికారి ఆయనతో చాలా మర్యాదగా మాట్లాడినాడు. "ఈ పంతులు మిమ్మల్ని మోసం చేసి వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ మాట రాసి ఇస్తే మీ మంచికే" అన్నాడు. మాదన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "మోసపోతిమి, నిజమే. ఆ దినం కోపం కూడా వచ్చె. అయితే సార్, ఏసిన ముద్ర తుడిసే రివాజు మా కాడ లేదు. పుస్తకం మా పిల్ల సదువుతాంది. ముగిసినాక సారుకు ఇస్తాది. ఎరువు ఇచ్చినోడు సాలు దున్నకముందే నాగలి అడగడు గదా" అన్నాడు.

లారీ ఖాళీ పెట్టె వేసుకుని పోయింది.

హెడ్మాస్టరు గారు నాతో మాట్లాడటం లేదు. దసరా తరువాత నా ఉద్యోగం పొడిగించరని గుమాస్తా చెప్పినాడు. భయంగానే ఉంది. మగ్గం నేర్పిస్తానని తిప్పమ్మ పెద్ద కొడుకు అంటున్నాడు గానీ నా వేళ్ల సంగతి నీకు తెలుసు.

నీ పోయిన ఉత్తరం చదివినాక రెండు రోజులు అన్నం సహించలేదు. చించేద్దామనుకున్నాను. ముఖం నాయనదే అని రాసినావు కదా, అందుకని చించలేదు.

నీ తమ్ముడు,
యేసేపు


ఆదోని,
10 సెప్టెంబర్ 1955

నా తమ్ముడు యేసేపుకు అక్క ప్రేమతో రాయునది.

నీ ఉత్తరం బడిలోనే అందింది. అక్కడే చదివి, పిల్లలకు ఎక్కాలు రాసుకోమని చెప్పి, గోడ వైపు తిరిగి నిలబడినాను. నిన్ను అన్న మాటలు తిరిగి తీసుకుందామన్నా అవి నీ దగ్గర ఉన్నాయి. నువ్వు వస్తే అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని క్షమించమని అడుగుతాను.

ఇంటికి వచ్చి పెట్టె వైపు చూసినాను. నెల రోజులుగా తాళం వేసి దాని పక్కనే పండుకున్నాను. గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. అధికారి కోరింది ఏమిటి? పుస్తకం గడప దాటకూడదని. ఈ నెలలో ఆ నియమాన్ని ఈ తాలూకా అంతటిలో సరిగ్గా అమలు చేసింది ఎవరు? నేనే. తాళం ఆయన వేసినా నేను వేసినా మదార్‌బీకి ఒకటే కదా. ఎవరి మీద పంతమో గుర్తు పెట్టుకున్నాను, ఎవరి కోసమో మరిచిపోయినాను.

నిన్న శుక్రవారం. రసూల్‌బీ నెలగా మా బడి వైపు రావడం లేదు. నేనే వాళ్ల ఇంటికి పోయినాను. "యుద్ధం అయిపోయెనా అమ్మా?" అని అడిగింది. ఎగతాళికి అడిగిందో నిజంగా అడిగిందో తెలియదు, నాకు మాత్రం తగిలింది. మదార్‌బీ పరదా వెనక నుంచి వచ్చి నా ముందర నిలబడింది. పుస్తకాలు లేక పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుంటున్నదంట. ఇమాం సాబ్ బజారు నుంచి ఏ సరుకు తెచ్చినా ముందు కాగితం అడుగుతుందంట.

ఆ సాయంత్రమే పెట్టె తాళం తీసినాను. రసూల్‌బీ గాజులన్నీ ఇంట్లో దించేసి ఉత్త గంపతో వచ్చింది. ఒక్క గంపకు సరిపోలేదు. మిగతావి మీ బావ భుజాన వేసుకుని ఆమె వెనక మోసుకుపోయినాడు, ప్రెస్సు మనుషులు చూస్తారేమోనని తలకు గుడ్డ చుట్టుకుని. ఏ పుస్తకం ఏ ఇంటికి పోయిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఖాళీ పెట్టెను బడి వాకిట్లో పెట్టించినాను. హెడ్మిస్ట్రెస్ అమ్మ వచ్చి లోపలికి తొంగి చూసింది. తడిక వెనకకు పోయింది. తరువాత నన్ను పిలిచి, "సోమవారం ఆయన వస్తే నేను కూడా నీ పక్కన కూర్చుంటా" అంది.

దసరాకు ఉద్యోగం ఉన్నా లేకపోయినా ఇక్కడికి రా. మోకాలికి ఆముదం నేనే పట్టిస్తాను.

ఎల్లుండి లారీ వస్తుంది. పుస్తకాలు ఎక్కడ అని అడుగుతాడు. చదువుతున్నారు అని చెప్తాను.

అక్క,
మరియమ్మ